మిరపతోట ఏరేదాకా మనవాళ్లే

ఖమ్మం జిల్లా ముదిగొండ మండలంలో ఏ అరుగు మీద కూర్చున్నా డల్లాస్‌లో ఎండో వానో తెలిసిపోతుంది. 2025 సెప్టెంబరులో ట్రంప్ కొత్త హెచ్-1బి వీసాల మీద లక్ష డాలర్ల రుసుం వేస్తే, మా టీ కొట్టు దగ్గర జరిగినంత మానవ హక్కుల చర్చ ఐక్యరాజ్యసమితిలో కూడా జరిగి ఉండదు. "బతకపోయిన పిల్లల్ని తరిమేస్తాడా? వాడసలు మనిషేనా?" అని పెద్దలంతా మండిపడ్డారు. అందరి చేతుల్లోనూ ఇరానీ చాయ్.

ఆ చాయ్ కూడా వలసొచ్చిందే. ఇరాన్‌లో 1979 విప్లవం తర్వాత ఇల్లూ ఊరూ వదిలిన ఇరానీలు లాస్ ఏంజెలిస్‌లో ఎంతగా స్థిరపడ్డారంటే అక్కడి ఒక పేటను టెహ్రాంజిలస్ అంటారు. పాపం, అంటాం. వాళ్లకంటే చాలా ముందు అదే ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చిన సుల్తాన్ కులీ 1518లో గోల్కొండలో ఏకంగా రాజ్యమే పెట్టాడు. ఆ వంశంలో చివరివాడైన తానీషా మా పక్క నేలకొండపల్లి కంచర్ల గోపన్నను ఖైదు చేయించాడు. తానీషా మీద మనకు వంద ఫిర్యాదులుండొచ్చు గానీ, "మీదే ఊరు? ఆధార్ ఏదీ?" అని మాత్రం ఎవరూ అడగలేదు. కత్తితో వచ్చినవాణ్ని అలా అడగడం మర్యాద కాదు.

నెత్తిన మూటతో వచ్చిన గొత్తికోయను అడగొచ్చు.

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలైంది. ఇటు జుడుం, అటు మావోయిస్టులు, నడుమ ఊళ్లు తగలబడ్డాయి. దంతెవాడ, బీజాపూర్ అడవుల నుంచి వేలమంది గొత్తికోయ ఆదివాసీలు అప్పటి ఖమ్మం జిల్లా ఏజెన్సీలోకి వచ్చిపడ్డారు. గిరిజన యువకులకు తుపాకులిచ్చి బరిలోకి దింపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న చెప్పింది. కాలిన ఇళ్లు అప్పటికే కాలిపోయాయి.

ఇక మన ఆతిథ్యం. అటవీ హక్కుల పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి చేతిలో ఉండాలి. అంటే జూన్‌లో కొంప కాలితే డిసెంబరులోగా ఇక్కడ పోడు కొట్టేసి ఉండాలి. ముందుచూపు లేని జనం! ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీగా పుట్టినవాడు సరిహద్దు దాటగానే ఎస్టీ కాకుండా పోతాడు. అడవీ అదే, ఇవతలి కోయలు చుట్టాలే, కాగితం మాత్రం రాదు. కుల పత్రం లేని పిల్లలకు రిజర్వేషనూ లేదు. ఎన్నో గూడేలకు దారే లేదు. తాగేది చెలమ నీళ్లు. పురిటి నొప్పులొస్తే డోలీ కట్టి మోయాల్సిందే. అడవి నరుకుతున్నారని గుడిసెలు పీకుతారు. అడవి పోతోందన్న బాధ నిజమైనదే, కాదనను. అయితే ఓపెన్‌కాస్టు గనుల కింద పోయిన అడవికి అనుమతి కాగితం ఉంటుంది కాబట్టి ఎవరికీ నొప్పి తెలియదు.

2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో అటవీ రేంజ్ అధికారిని ఇద్దరు గొత్తికోయలు నరికి చంపారు. అది ఘోరం, దానిమీద ఎకసెక్కాలు ఆడను. చంపిన ఇద్దరికీ కోర్టు జీవిత ఖైదు వేసింది. కోర్టుకంటే ముందే అక్కడి బెండాలపాడు పంచాయతీ మాత్రం గొత్తికోయలందర్నీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానించింది. డల్లాస్‌లో మనవాడొకడు నేరం చేస్తే తెలుగువాళ్లందర్నీ విమానం ఎక్కించాలంటే ఒప్పుకుంటామా?

సంక్రాంతి దాటి మిరప పండితే మాత్రం మన మనసు కరుగుతుంది. మేస్త్రీలకు ఫోన్లు పోతాయి, ఛత్తీస్‌గఢ్ కూలీలతో ట్రాలీలు దిగుతాయి. అప్పుడెవరూ స్థానికత అడగరు. చేను గట్టున టార్పాలిన్ కింద పడుకున్నా అది ఆక్రమణ కాదు. తోట అయిపోయిందా, బయటివాళ్లు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిర్చి తోటల నుంచి బీజాపూర్‌కు నడిచిపోతూ 12 ఏళ్ల పిల్ల దారిలోనే చనిపోయింది.

ఇవన్నీ ముదిగొండకు ఒకరు చెప్పాలా? 2007 జులై 28న భూమి కోసం రోడ్డెక్కినవాళ్లను పోలీసులు కాల్చింది ఇక్కడే. జాగా అడిగి చచ్చినవాళ్లకు ఏటా దండలు వేస్తాం, జాగా అడుగుతూ బతికున్నవాళ్లకు నోటీసులిస్తాం.

భారత పౌరుడు దేశంలో ఎక్కడైనా ఉండొచ్చని రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. దానికి వీసా అక్కర్లేదు. తీర్మానాలు రాసే పెద్దలారా, చేయి తిరిగింది కదా, ఆ గూడేలకు బోరు వేయాలని, పిల్లలకు కుల పత్రాలివ్వాలని ఇంకొకటి రాయండి.