చిల్లర సంచి

తొర్రూరు డిపో కండక్టరు ఒకాయన భుజాన ముప్ఫై ఏళ్లు వేలాడిన తోలు సంచిని నేను. నాలో మూడు అరలు. పెద్దది నోట్లకు, నడిమిది రూపాయి బిళ్లలకు, చిన్నది పైసలకు. తొంభైల మొదట్లో, ఆయనకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, వరంగల్ చౌరస్తాలో చెప్పులు కుట్టే పెద్దమనిషి పక్కన కూర్చుని, పట్టీ ఎక్కడిదాకా రావాలో చెప్పి మరీ నన్ను కుట్టించుకున్నాడు. ఆయన పేరు చెప్పను. ఆ దారిలో పేరుతో పిలిచినవాళ్లే తక్కువ. కండక్టర్ సాబ్ అనేవాళ్లు, సారూ అనేవాళ్లు, ముసలవ్వలైతే కొడుకా అనేవాళ్లు.

మా దారి వరంగల్–ఖమ్మం రోడ్డు. తెల్లవారుజామున తొర్రూరులో కదిలితే రాయపర్తి, వర్ధన్నపేట, ఇల్లంద, మామునూరు, ఆపైన వరంగల్. ఇంకోరోజు మరిపెడ వైపు, మరోరోజు నెల్లికుదురు మీదుగా మహబూబాబాద్. టాపు మీద ఎనుమాముల మార్కెట్టుకు పోయే మిర్చి బస్తాలు, లోపల ఎంజీఎం దవాఖానకు పోయేవాళ్లు, కాలేజీ పాసుల పిల్లలు. టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు రాకముందు టికెట్లు కట్టలు కట్టలుగా ట్రేలో ఉండేవి. చించి, పంచ్ కొట్టి ఇవ్వాలి. స్టేజీ వచ్చేలోపు నిలబడే టికెట్ల లెక్క ఎస్ఆర్‌లో రాయాలి. బస్సు గుంతలో పడ్డా అంకె వంకర పోనిచ్చేవాడు కాదు.

చిల్లర లేనప్పుడు టికెట్టు వెనక బాకీ రాసిచ్చేవాడు. దిగే తొందరలో కొందరు అది మరిచిపోయేవాళ్లు. ఆ డబ్బులు డిపోలో కట్టేవాటిలో కలిపేవాడు కాదు, ఇంటికీ తీసుకుపోయేవాడు కాదు. నా చిన్న అరలో కాగితం చుట్టి విడిగా పెట్టి, పైన ఊరి పేరు రాసేవాడు. మనిషి మళ్లీ బస్సెక్కిన రోజు, వాళ్లు అడగకముందే చేతిలో పెట్టేవాడు. ఆయన్ను తలుచుకుంటే మొదట ఆ కాగితపు పొట్లాలే గుర్తొస్తాయి నాకు.

1997–98లో పత్తి మీద లద్దె పురుగు పడింది. ఎన్నిసార్లు మందు కొట్టినా పోలేదు. వరంగల్ జిల్లాలో ఎందరో రైతులు ఆ మందే తాగి చనిపోయారు. ఆ శీతకాలం రాయపర్తి దగ్గర ఒకామె రోడ్డు మధ్యకొచ్చి చేతులడ్డం పెట్టింది. గట్టున ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టిన మనిషి నోట నురగ. 108 బండ్లు రావడానికి ఇంకా ఏడెనిమిదేళ్లుంది. మా కండక్టరు ఆ మనిషిని వెనక సీటులో పడుకోబెట్టించి, డ్రైవరుతో "అన్నా, ఇగ యాడ ఆపకు, సీదా ఎంజీఎం" అన్నాడు. బస్సు నిండా జనం. వర్ధన్నపేటలో దిగాల్సినవాళ్లు కూడా ఒక్కరు నోరు తెరవలేదు. ఆ మనిషికీ ఆమెకూ టికెట్ల డబ్బులు తన జేబులోంచి తీసి నాలో వేశాడు.

ఆ మనిషి మూడో రోజు పోయాడు. నెల తర్వాత ఆమె అదే చోట చెయ్యెత్తి, ఎక్కకుండా మెట్టు దగ్గరే నిలబడి టికెట్ల డబ్బులు చాచింది. వద్దంటే వినలేదు. "అప్పులతోటే పొయ్యిండు సారూ ఆయన. నేనైతె ఎవ్వరియి ఉంచుకోను." ఆయన రెండు చేతులా తీసుకున్నాడు. మామునూరు దాటేదాకా ఎవరినీ టికెట్టు అడగలేదు.

ఇంట్లో భార్య, ఇద్దరు బిడ్డలు, ఒక కొడుకు. నైటౌట్ డ్యూటీల్లో ఏదో పల్లెలో బస్సులోనే, నన్ను తలకింద పెట్టుకుని పడుకునేవాడు కాబట్టి, పిల్లలు ఆయనకు రోజు విడిచి రోజు పెరిగారు. బిడ్డల పెళ్లిళ్లు ఆర్టీసీ ఉద్యోగుల సీసీఎస్ లోనుతో చేశాడు, కొడుకును హైదరాబాద్ పంపి చదివించాడు. రెండేళ్లకోసారి మేడారం జాతర డ్యూటీ. మూడు నాలుగు రోజులు నిద్ర ఉండదు. జనం మోసుకెళ్లే బెల్లం వాసన నా తోలుకు వారం దాకా పట్టి ఉండేది. తిరిగొచ్చాక ఆయన కాళ్లు ఉబ్బేవి. ఆమె ఉప్పు వేసిన వేణ్నీళ్లు తెచ్చి పెట్టేది. ముప్ఫై ఏళ్లు నిలబడి బతికిన కాళ్లవి. వాటి నరాలు ఎలా మెలి తిరిగాయో చూసినవాళ్లకు కండక్టరు పనంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

2011లో పావలా చెల్లకుండా పోయింది. 2016 అక్టోబరులో తొర్రూరు వరంగల్ జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వెళ్లింది. ఆ నవంబరులోనే ఐదు వందలు, వెయ్యి నోట్లు రద్దు. పది రూపాయల టికెట్టుకు అందరూ ఐదు వందలే చాచేవాళ్లు. చిల్లర బాకీల పొట్లాలు పట్టక నా కుట్టు ఊడింది.

2019 అక్టోబరు 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది. 52 రోజులు నేను మేకుకే వేలాడాను. జీతం లేదు. అది పత్తి ఏరే కాలం. భార్య కూలికి పోతుంటే ఆయనా వెంట నడిచాడు. సాయంత్రం వేళ్లు పత్తికాయ మొనలకు గీసుకుపోయి వచ్చేవి. "నీకెందుకయ్యా ఈ పని" అంటే "నువ్వు చేస్తలేవా" అనేవాడు. మళ్లీ డ్యూటీ ఎక్కి నాలుగు నెలలు తిరగకుండానే కరోనా. 2020 మార్చి 22న ఆగిన బస్సులు మే 19న కదిలాయి.

రిటైరయ్యాక పొద్దున్నే బస్టాండుకు పోయి కూర్చునేవాడు. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు బస్సులో టికెట్టు డబ్బులు లేవన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి, కొంగుముడి విప్పి పైసలు లెక్కపెట్టుకుంటూ రెండు స్టేజీలు ముందే దిగి నడిచిపోయిన అవ్వలను ఒక్కొక్కరినీ ఊరి పేరుతో తలచుకున్నాడు. ఇంత సంతోషంగా ఆయన్ను నేను ఎక్కువసార్లు చూడలేదు.

తర్వాతి వానాకాలంలో ఒకరాత్రి ఛాతీ పట్టుకున్నాడు. 108 వచ్చింది. దవాఖాన కాగితాలు నాలో కుక్కుకుని, నన్ను భుజాన వేసుకుని భార్య ఎక్కింది. రాయపర్తి దాటేదాకా మాట్లాడాడు. గ్యాస్ బండ బుక్ చేశావా అని అడిగాడు. వర్ధన్నపేట దాటాక మాట ఆగింది. ఇల్లంద రాకముందే ప్రాణం పోయింది.

దినాలకు పందిరి పట్టనంత మంది వచ్చారు. సగంమందికి ఆయన ఇల్లు ఎక్కడో ముందు తెలియదు, బస్టాండులో అడిగి వచ్చారు.

ఈపీఎస్ పింఛనులో భార్యకు వచ్చేది సగం. దానికోసం ఆమె వరంగల్ పీఎఫ్ ఆఫీసుకు తిరుగుతోంది. మరణ ధ్రువపత్రం, బ్యాంకు పాసుబుక్కు, ఆధార్ అన్నీ నోట్ల అరలో ఉన్నాయి. మొన్న బస్సులో ఆడవాళ్లకు జీరో టికెట్టు కొట్టే కండక్టరమ్మాయి నన్ను గుర్తుపట్టింది.

"అత్తమ్మా, ఇది మా సారు సంచి గదా. నాకు పని నేర్పిందే ఆయన."

"అవు బిడ్డా. ఇంకో కాగితం తక్కువున్నదంటున్నరు."

ఆ అమ్మాయి పక్కన కూర్చుని కాగితాలన్నీ బయటకు తీసి, ఏది తక్కువో చూడడం మొదలుపెట్టింది.