దిక్కుమాలిన సీరియలు: టీకా తాత్పర్య సహితం

మూలం: “ఆ ఒక్క మాట ముందే చెప్పేస్తే సరిపోయేది కదా, దిక్కుమాలిన సీరియలు! ఉండవే, మార్చకు, రేపేమవుతుందో!”

అవతారిక. అవతారిక అనగా మూలం ఏ సందర్భంలో పుట్టిందో తెలిపే పీఠిక. దీపాలు పెట్టిన వేళ మొదలుకొని భోజనాలు ముగిసే దాకా తెలుగు ఇళ్ళలో వినవచ్చే ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు గనుక దీనిని వేదం వలె అపౌరుషేయమని చెప్పవచ్చు. ఎక్కువగా స్త్రీల నోటనే వెలువడుతుంది గనుక ఆ మాట ఇంకొక విధంగా కూడా చెల్లుతుంది. పేపరు చాటున కూర్చున్న పురుషులు దీనిని మౌనంగా పఠిస్తారన్న సంగతి మాత్రం మరువరాదు. మెదక్ జిల్లా కొల్చారం వాడని ప్రసిద్ధి కెక్కిన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. సీరియళ్ళ వ్యాఖ్యాతకు ఆ ప్రతిజ్ఞ పట్టే వీలు లేదు, ఎందుకంటే ఇక్కడ అక్కరలేనిది మూలంలోనే పుష్కలంగా ఉన్నది.

ప్రతిపదార్థం. ఆ ఒక్క మాట = నాయిక నాయకుడికి చెప్పవలసి, చెప్పబోయి, ఎవరో పిలవగా మింగివేసిన నిజం. దీనికి ఉత్తమోదాహరణ స్టార్ మాలో 2017 అక్టోబరు నుండి 2023 జనవరి వరకు పదిహేను వందలకు పైగా భాగాలుగా సాగిన ‘కార్తీకదీపం’. మలయాళ ‘కరుత్తముత్తు’ నుండి వచ్చిన ఈ కథలో, తనకు సంతానయోగం లేదని నమ్మిన భర్త భార్యను శంకించి దూరం చేసుకొంటాడు. ఆ భర్త స్వయంగా డాక్టరు. ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోయే సంగతి కదా అన్న ఆలోచన బడిపిల్లలకు సైతం తట్టినా డాక్టర్ బాబుకు తట్టలేదని విమర్శకులు ఆక్షేపిస్తారు గాని, ఆ తట్టకపోవడమే కథకు ఊపిరి అయినందున దానిని దోషమని చెప్పడానికి వీలు లేదు. తట్టి ఉంటే వంటలక్కగా పేరుపడ్డ ఆ భార్య ఇంటింటి మనిషి అయ్యేది కాదు.

ముందే = చెప్పవలసిన సమయాన. ఒక వస్తువు పుట్టక పూర్వం ఉండే దాని లేమిని తార్కికులు ప్రాగభావం అంటారు. ఆ లేమికి ఆది లేదు గాని అంతం ఉన్నదని వారి మతం. సీరియలు నిజం విషయంలో ఈ సిద్ధాంతంలోని రెండో సగం అంత తొందరగా రుజువు కాదు.

చెప్పేస్తే = చేదర్థకం, అనగా షరతును తెలిపే క్రియారూపం. షరతు నెరవేరితే సరిపోయేది ఎవరికి అన్న ప్రశ్నకు మూలం జవాబు చెప్పదు. దంపతులకు, అత్తగారికి, పిల్లలకు సరిపోయేది. చూసేవారికి మాత్రం ఆ అరగంట ఏం చేయాలో తోచకపోయేది.

దిక్కుమాలిన = పైకి నింద. నింద నెపంతో చేసే స్తుతిని ఆలంకారికులు వ్యాజస్తుతి అంటారు. ‘పనికిమాలిన’ అనే పాఠాంతరం కూడా ఉన్నది గాని, దానిలో ఆప్యాయత తక్కువ కనుక గ్రాహ్యం కాదు.

ఉండవే = వినేది చనువున్న చిన్నదని, రిమోటు ఆమె చేతిలో ఉన్నదని ఈ పిలుపు వల్ల ఊహించవలెను. రేపు = మరునాడు; శనివారం నాడు మాత్రం సోమవారమని లక్ష్యార్థం.

విశేషాంశాలు. వాక్యం అర్థం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు కావలెనని అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పాడు. సన్నిధి అనగా పదాలు ఎడం లేకుండా పలకబడడం. ‘ఆవును’ అని ఒక ఝామున, ‘తీసుకురా’ అని మరొక ఝామున అంటే అది వాక్యం కాదు. సీరియలులో ‘నేను నీ…’ అని సోమవారం రాత్రి మొదలైన వాక్యం, గదిలో ఉన్న ఆరుగురి ముఖాలను తలకు మూడుసార్లు ఉరుముల మధ్య చూపిన పిమ్మట, సబ్బుల, మసాలాల ప్రకటనలు దాటి, మంగళవారం ‘జరిగిన కథ’లో మరల మొదటికి వచ్చి, బుధవారానికి ‘తల్లిని’ అని ముగిసినా ప్రేక్షకురాలికి అన్వయం చెడదు. ఇంతటి ధారణ అవధానులకు ఉన్నదని వింటాం, ఇక్కడ నడింట్లో చూస్తాం. యోగ్యత అనగా పదార్థాల మధ్య పొంతన; నిప్పుతో తడపడం కుదరదు. పట్టుచీరతో, వడ్డాణంతో నిద్రించే కోడలి యెడల ప్రేక్షకురాలు ఈ నియమాన్ని సడలిస్తుంది, ఆ చీర అంచు బాగుంటే పూర్తిగా ఎత్తివేస్తుంది. మిగిలినది ఆకాంక్ష, అనగా తరువాతి పదం కోసం ఎదురుచూపు. సీరియలు రాసేవారు తక్కిన రెండింటినీ విడిచి దీనిని మాత్రమే పట్టుకొన్నారు.

హాస్య ధారావాహికల యెడల ఇదే ప్రేక్షకురాలి అభిప్రాయం క్లుప్తంగా ఉంటుంది. గుణ్ణం గంగరాజు నిర్మాణంలో జెమినీలో 2001 నుండి 2007 వరకు వచ్చిన ‘అమృతం’లో అమృతరావు, ఆంజనేయులు వారానికొక పథకం వేసి ఆ అరగంటలోనే దెబ్బతినేవారు; నాయకుడిగా శివాజీ రాజా, నరేశ్, హర్షవర్ధన్ మారినా పాత్ర చెడలేదు, గుండు హనుమంతరావు ఆంజనేయులుగా మరొకరిని ఊహించనీయలేదు. కథ ఆ రాత్రికే తీరిపోయేది గనుక తిట్టడానికి ఏమీ మిగలలేదు, అందువల్ల ‘ఎంత బాగుండేదో’ అన్న ఏకవాక్యమే దాని మీద వెలువడిన విమర్శ గ్రంథం. ఈటీవీలో 2013లో మొదలైన హాస్య స్కిట్ల కార్యక్రమం ‘జబర్దస్త్’ ధోరణి వేరు. కోనసీమ ముంగండకు చెందిన జగన్నాథ పండితరాయల ‘రసగంగాధరం’లో హాస్యం ఆత్మస్థం, పరస్థం అని రెండుగా కనిపిస్తుంది, ఎదుటివాడు నవ్వగా చూసి పుట్టేది పరస్థం. స్కిట్ నడుమ న్యాయనిర్ణేతలు విరగబడి నవ్వడాన్ని మాటిమాటికీ చూపడం ఈ రెండో రకానికి నారు పోయడమే. అది కొంతసేపు పని చేస్తుంది.

తాత్పర్యం. మూలంలోని రెండు వాక్యాలు పరస్పర విరుద్ధమని పూర్వపక్షం, అనగా ఖండించడానికి ముందుగా నిలిపే వాదం. అది నిలవదు. తిట్టడానికి కథ ఆగి ఉండవలెను, కథ ఆగి ఉండడానికి నిజం దాగి ఉండవలెను; కనుక మొదటి వాక్యం కోరిన దానిని రెండో వాక్యమే అడ్డుకొంటున్నది, నిజం బయటపడకపోవడంలో నాయికతో పాటు ప్రేక్షకురాలికీ సమాన భాగం ఉన్నది. ఏ కార్యక్రమాన్ని ఎందరు చూశారో వారంవారం లెక్కగట్టే బార్క్ సంస్థ, ఎంపిక చేసిన ఇళ్ళలో అమర్చిన మీటర్ల ద్వారా, ఛానెల్ శబ్దంలో కలిపిన ఒక రహస్య గుర్తును పట్టుకొంటుంది. ఆ మీటరుకు టీవీ శబ్దం వినిపిస్తుంది, ‘దిక్కుమాలిన’ అన్న మాట వినిపించదు. మీటరు లేని ఇళ్ళవారి తిట్లే కాదు, చూపు కూడా ఆ లెక్కలోకి నేరుగా రాదు.