తెగిన గీత

బంటుమిల్లి దగ్గర ఒక వనామి రొయ్యల చెరువు. అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. జనరేటర్ అంటుకోలేదు. ఏరేటర్లు ఆగిపోయాయి. 2009లో వనామికి అనుమతి వచ్చాక కృష్ణా జిల్లాలో ఎకరానికి పిల్ల ఎక్కువ వేస్తున్నారు. ఏరేటర్ తిరగకపోతే రాత్రి గడవదు. తెల్లారేసరికి రొయ్య తేలింది.

"నిద్రపోలేదు బాబూ. ఫోను కలవలేదు. గట్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను" అన్నాడు కాపలా మనిషి.

రైతు గట్టు మీది పెట్టెలో ఫైలు తెరిచాడు. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో ఆ పెట్టె సెకను సెకనుకూ రాసుకుంటుంది. దానికో బటన్ కూడా ఉంది. రౌండు కొట్టినప్పుడల్లా కాపలా మనిషి దాన్ని నొక్కాలి. రైతు చూసేది మాత్రం ఆక్సిజన్ గీతే. అది రాత్రికి నాలుగైదు చోట్ల తెగడం మామూలే. ఈసారి లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి జారిన దగ్గర్నుంచీ ముక్కలు ముక్కలైంది. మధ్యలో అన్నీ పిచ్చి గుర్తులు.

"నిద్రపోయావు. అది బయటపడకుండా పెట్టెను కెలికావు" అన్నాడు రైతు. ఆ నెల జీతం ఇవ్వకుండా పంపేశాడు.

కొత్త మనిషి వచ్చాడు. గీత తెగడం మానేసింది.

పెట్టె చేసిన ఇంజనీరుది విజయవాడ ఆటోనగర్. అలాంటి పెట్టెలే మరికొన్ని చెరువుల మీద ఉన్నాయి. కారణం తెలుసుకోకుండా వదిలెయ్యడానికి అతనికి మనసొప్పలేదు. పెట్టెను వర్క్‌షాపుకు తెచ్చాడు.

ఫ్లాష్ మెమరీని ఎన్నిసార్లు చెరిపి రాయొచ్చో ఒక హద్దుంటుంది. సెకనుకోసారి రాస్తే తొందరగా అరిగిపోతుంది. అందుకని పెట్టె రాత్రంతా ర్యామ్ డిస్కులో రాసుకుని, పొద్దున్నే ఒక్కసారి కార్డులోకి దించుతుంది. ముందుగా బ్యాటరీని అనుమానించాడు. కానీ ర్యామ్‌కు కరెంటు అందకపోతే ఫైలు మొత్తం పోవాలి, ముక్కలు పోవు. కార్డు చూశాడు. బాగానే ఉంది. ర్యామ్ చిప్‌లో 55, ఏఏ మార్చి మార్చి రాత్రంతా రాసి చదివాడు. ఒక్క బిట్ తప్పలేదు.

పాత ఫైలు మళ్లీ ముందేసుకున్నాడు. చెడిన చోటు ప్రతిదీ సరిగ్గా 512 బైట్లు. అంటే ఒక సెక్టారు. కొలత పెట్టినట్టు చెడిందంటే తప్పు చిప్‌ది కాదు, రాసే ప్రోగ్రాముది. బల్ల మీద రోజుల తరబడి నడిపాడు. ఒక్కసారీ చెడలేదు.

పెట్టె పట్టుకుని చెరువుకు వెళ్లాడు. రాత్రి గట్టు మీదే లాప్‌టాప్ తగిలించుకుని కూర్చున్నాడు. కొత్త మనిషి షెడ్డులో దోమతెర కట్టుకున్నాడు. మూడయినా గీత చక్కగా సాగుతోంది. ఇంజనీరు లేచి గట్టు ఒక చుట్టు తిరిగొచ్చి, బటన్ నొక్కాడు.

గీత తెగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ తెగింది.

ఆక్సిజన్ రాసే పని ఒకటి, రౌండు రాసే పని ఒకటి. రెండూ వాడుకునేది ఒకే 512 బైట్ల బఫరు. ఒకటి రాస్తుండగా రెండోది చొరబడకుండా తాళం వెయ్యాలి. చిన్న పరికరాల్లో ఫైళ్లు రాయడానికి ఎక్కువగా వాడే ఫ్యాట్‌ఎఫ్‌ఎస్‌లో ఆ తాళానికి సెట్టింగు ఉంది. మనం మార్చకపోతే అది 0 మీదే ఉంటుంది. దాన్ని 1 చేశాడు. ఆపైన ఎన్నిసార్లు నొక్కినా గీత తెగలేదు.

పొద్దున రైతు వచ్చాడు.

"పెట్టెను ఎవరూ కెలకలేదండీ. బటన్ నొక్కినప్పుడే గీత తెగేది. నొక్కకపోతే తెగదు. రొయ్య పోయిన రాత్రి నలభై ఒక్క చోట తెగింది" అన్నాడు ఇంజనీరు.

రైతు ఫైళ్లన్నీ ఒక్కొక్కటే తెరిపించి చూశాడు.

"మరి కొత్తవాడు వచ్చాక ఒక్క రాత్రీ తెగలేదేమండీ?" అన్నాడు.