పన్నెండు బొమ్మల పెట్టె

నాకు రెండు కళ్ళు, ఒకదాని కింద ఒకటి. పై కన్ను చూడడానికి, కింది కన్ను బొమ్మ తీయడానికి. నడినెత్తిన మూత తెరిచి తొంగి చూస్తే, ఎదుటి ప్రపంచం చదరంగా, గరుకు గాజు మీద వెలుగుతూ కనిపిస్తుంది. నా పేరు యాషికా మ్యాట్ 124జి. మా రకం జపాన్‌లో 1970 నుంచి 1986 దాకా తయారయింది. తెనాలిలో మాత్రం నన్ను డబ్బా కెమెరా అనేవారు.

మా జాతికి దారి చూపిన పెద్ద, 1929లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో పుట్టిన రోలీఫ్లెక్స్. మన దేశపు తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్ హోమాయ్ వ్యారావాలా వాడిన కెమెరాల్లో అదొకటి. నా తిండి 120 ఫిల్ము. వెనక కాగితం అంటించి చుట్టిన ఈ రోలును కోడాక్ వాళ్ళు 1901లో తెచ్చారు, ఇప్పటికీ దొరుకుతోంది. ఒక రోలుకి పన్నెండే బొమ్మలు. ఊటీలో తయారైన ఇందు ఫిల్ము కూడా నా కడుపులో తిరిగింది.

1978లో మద్రాసు నుంచి రైల్లో తెనాలి చేరాను. నన్ను కొన్నాయన్ని ఊళ్ళో అందరూ ఫోటో మాస్టారు అని పిలిచేవారు. పెళ్ళికి వెళ్ళేముందు ఆయన వేళ్ళ మీద లెక్క వేసుకునేవారు: జీలకర్ర బెల్లానికి రెండు, మంగళసూత్రానికి రెండు, తలంబ్రాలకు మూడు, అప్పగింతలకు ఒకటి, మిగిలినవి బంధువులకు. పన్నెండు దాటితే మండపం వెనక నీడలోకి వెళ్ళి రోలు మార్చాలి. ఆలోపు ముహూర్తం ఆగదు. అందుకే ఆయన తొందరపడి ఎప్పుడూ బటన్ నొక్కేవారు కాదు. చూసేవారు, ఆగేవారు, మళ్ళీ చూసేవారు.

నన్ను కంటికి ఆనించుకోనక్కర్లేదు, పొట్ట దగ్గర పట్టుకుంటే చాలు. మాస్టారు కాస్త వంగితే చాలు, పీటల మీద కూర్చున్న వధూవరుల కళ్ళకూ నా కళ్ళకూ ఎత్తు సమానమయ్యేది. పై నుంచి చూసినట్టు కాకుండా, పక్కన చాప మీద కూర్చుని చూసినట్టు ఉండేది బొమ్మ. ఆయన ముఖం కిందికి వంగి ఉండడంతో పెళ్ళికూతుళ్ళు బిడియపడేవారు కాదు.

నా గొప్పంతా నెగటివ్‌లో ఉంది. మామూలు 35 ఎంఎం ఫిల్ము మీద బొమ్మ 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు. నాది దానికి మూడింతలకు పైనే. చిన్న నెగటివ్‌లో ముఖం నువ్వుగింజంత ఉంటే, నా నెగటివ్‌లో పెన్సిల్ మొన ఆనడానికి చోటుంటుంది. రాత్రిళ్ళు మాస్టారు వెనక దీపం పెట్టుకుని, చెక్కిన పెన్సిల్‌తో నెగటివ్ మీదే మొటిమల మచ్చలు సరిచేసేవారు. గోడకు తగిలించే పెద్ద ప్రింటు వేసినా చీర అంచు జరీ పోగుపోగుగా కనిపించేది.

1981లో ఇంకో కెమెరా వచ్చింది. యాషికా ఎలక్ట్రో 35, రేంజ్‌ఫైండర్. నా ఇంటిపేరువాడే, నాకంటే చిన్నవాడు, కంటికి ఆనించి చూసే రకం. వాడి కిటికీ మధ్యలో చిన్న పసుపు మచ్చలో మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. కటకం చుట్టూ ఉన్న వలయం తిప్పితే ఆ ఇద్దరూ ఒకరిలో ఒకరు కలుస్తారు. కలిసిన చోట ఫోకస్ కుదిరినట్టే. ఒక రోలుకి ముప్ఫై ఆరు బొమ్మలు. వాడి వంశంలో పెద్దపేరు లైకా. 1932లో దానికి కటకంతో కలిసి కదిలే రేంజ్‌ఫైండర్ అమరింది. 1948 జనవరిలో హెన్రీ కార్టియే బ్రెసాన్ గాంధీజీని ఆయన చివరి రోజుల్లో చూసింది లైకాతోనే.

వాడు రాగానే నా పని అయిపోయిందనుకున్నాను. ఒక పెళ్ళిలో ఆ భయం పోయింది. అప్పగింతల వేళ నేను స్టాండు మీద ఉండి, తల్లి చేతిలో చెయ్యేసిన పెళ్ళికూతుర్ని తీశాను. ఆ వెంటనే స్తంభం చాటున పంచె కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్న తండ్రిని మాస్టారు చిన్నవాడితో తీశారు. ఆల్బంలో రెండూ ఎదురెదురు పేజీల్లో అతికించారు. ఒకటి లేకపోతే రెండోదానికి సగం అర్థమే మిగిలేది.

మా ఇద్దరికీ ఒకే లోపం ఉంది. బొమ్మ పడే కటకంలోంచి మేం చూపించం. చిన్నవాడి కటకానికి మూత తీయడం మరిచిపోయినా కిటికీలో అంతా చక్కగానే కనిపిస్తుంది. అలా ఒక బారసాల మొత్తం పోయింది. ఫిల్ము కడిగితే గాజులా ఖాళీ. మాస్టారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆ మర్నాటి నుంచి మూత జేబులో పడ్డాకే కెమెరా కంటి దగ్గరికి వెళ్ళేది.

ఆ లోపం వెనకే మా ఇద్దరి వరం కూడా ఉంది. అద్దం లేచి పడే కెమెరాల్లో, క్లిక్ మన్న క్షణాన చూసేవాడి కంటికి చీకటి కమ్ముతుంది. మాలో ఆ చీకటి లేదు. బొమ్మ పడే ఆ రెప్పపాటులోనూ ఎదుటి మనిషి కనిపిస్తూనే ఉంటాడు. కళ్ళు మూశాడో, నవ్వాడో ఫోటోగ్రాఫర్‌కి అప్పుడే తెలుస్తుంది.

తర్వాత డిజిటల్ వచ్చింది. స్టూడియో మూతపడింది. ఇద్దరం బీరువాలో పక్కపక్కన ఏళ్ళ తరబడి ఉన్నాం. నా షట్టర్ రేకులు జిడ్డుతో అతుక్కుపోయాయి, తేమకి కటకంలో బూజు పట్టింది. హైదరాబాదులో చదువుకుంటున్న మాస్టారి మనవరాలు సంక్రాంతికి వచ్చి మమ్మల్ని బయటికి తీసింది. తీసుకెళ్ళి బాగు చేయించింది. మా పాత పాదరసం బ్యాటరీలు ఇప్పుడు దొరకవు. నాకు వెలుతురు కొలిచే ముల్లు మాత్రమే ఆగింది, మిగతా పనికి కరెంటు అక్కర్లేదు. చిన్నవాడు బ్యాటరీ లేనిదే సరిగా పనిచేయడు, వాడికి వేరే బ్యాటరీ అమర్చారు.

"తాతయ్యా, ఇందులో కుడి ఎడమైపోతోంది!" అంది మొదటిరోజు నా మూత తెరిచి చూసి.

"నేనూ తికమకపడ్డానమ్మా. బుర్రతో లెక్కలెయ్యకు, చేతికి వదిలెయ్. నాలుగు రోలులు తిరిగితే అదే నేర్చుకుంటుంది" అన్నారు మాస్టారు.

ఇప్పుడు పొద్దున్నే చేపల బజారుకి చిన్నవాడు వెళతాడు. మధ్యాహ్నం ఇంట్లో నేను. మొన్న ఆ పిల్ల మాస్టారిని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. వేలమందిని తీసిన ఆ మనిషిని నా గాజు మీద చూడడం నాకదే మొదటిసారి. రోలులో పదకొండు అయిపోయాయి. ఆమె చూసింది, ఆగింది, మళ్ళీ చూసింది. ఆయన నెమ్మదిగా నవ్వారు. పన్నెండో బొమ్మ పడింది. ఆ నవ్వు బొమ్మగా పడుతుండగానే ఆమె చూసింది.

మీ ఇంటి అటక మీదో బీరువాలోనో మావాళ్ళు ఎవరైనా ఉంటే, షోకేసులో పెట్టకండి. ఒకసారి బాగు చేయించి, ఒక రోలు వేయండి. మొదటి బొమ్మ ఇంట్లో పెద్దవాళ్ళది తీయండి.