విద్యా క్యాలెండర్ గారికి లింగాల పిల్లల బహిరంగ లేఖ

శ్రీయుత విద్యాసంవత్సర క్యాలెండర్ గారి సముఖమునకు, నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలోని ప్రాథమిక బడుల పిల్లలు విన్నవించుకునేది ఏమనగా:

తమరు కొన్నేళ్లుగా ఏప్రిల్ 23ను 'చివరి పనిదినం' అని అచ్చువేయిస్తున్నారు. ఆ రోజు బడిలో ఏం పని జరుగుతుందో ఒక్కసారి వచ్చి చూడాలని అర్జీదారుల కోరిక. పరీక్షలు అయిపోయి ఉంటాయి. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులే కాబట్టి పన్నెండున్నరకు పళ్లెం చేతికొస్తుంది. మిగిలేది ప్రోగ్రెస్ కార్డు ఒక్కటే. 2009 నాటి విద్యాహక్కు చట్టం పుణ్యమా అని గ్రేడు ఏదొచ్చినా పై తరగతికి పోవడం ఖాయం. అయినా నాయన చేతిలో కార్డు తెరుచుకునే వేళకు అర్జీదారుల గొంతు ఎండిపోతూనే ఉంది.

2024లో అదే ఏప్రిల్ 23న చైత్ర పౌర్ణమి వచ్చింది. చైత్ర పౌర్ణమి అంటే సలేశ్వరం జాతర. లింగాల నుంచి అప్పాయిపల్లి మీదుగా జనం నల్లమలలోకి నడుస్తారు. చెంచులు పూజారులుగా ఉండే గుడి అది, లోయలో, జలపాతం పక్కన. 'వస్తున్నాం లింగమయ్యా' అని ఒక దారి పిలుస్తుంటే, 'కార్డు తీసుకుపొండి' అని ఇంకో దారి పిలిచింది. మరుసటి ఏడు పౌర్ణమి ఏప్రిల్ 12న, రెండో శనివారం నాడు పడింది. తమరి దయ కాదు, చంద్రుడి దయ.

అసలు పండుగ ఎక్కడుందో అర్జీదారులకు తెలుసు: స్వపరిపాలన దినోత్సవం. అమ్మ చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడుతున్నా ఐదో తరగతి పిల్ల హెడ్‌మాస్టరమ్మగా నడిచొస్తుంది. అసలు సార్ వెనక వరుసలో కూర్చుని, "మేడం, నాకు అర్థం కాలేదు" అంటాడు. కలెక్టరూ, ఎంఈవో కూడా తయారవుతారు. ఈ చిన్న ఎంఈవో మధ్యాహ్న భోజనం రుచి చూడకుండా సంతకం పెట్టడు. (పెద్దవారిని ఏమీ అన్నట్టు కాదు.)

ఇక వీడ్కోలు సంగతి. ఐదో తరగతి వాళ్లు పెద్దబడికి పోతారని వాళ్లకే వీడ్కోలు పలుకుతారు. గురుకులాలు పిల్లల్ని ఎక్కువగా చేర్చుకునేది ఐదో తరగతిలోనే. అంటే ప్రవేశ పరీక్షలో సీటొచ్చిన పిల్ల నాలుగుతోనే వెళ్లిపోతుంది, పాటా చాక్లెట్టూ లేకుండా. వచ్చే జూన్ 12న బడి తెరిస్తే పక్కన చోటు ఖాళీ.

కాబట్టి ప్రార్థన: కార్డులు ఒకరోజు ముందే ఇప్పించి, ఆఖరి రోజును పిల్లలకు వదిలేయండి. ఆ రోజు చీరలు, పాటలు, నాలుగూ ఐదూ తరగతులకు కలిపి వీడ్కోలు ఉంటాయి. 'పనిదినం' అన్న మాట తమరు ఉంచుకున్నా అభ్యంతరం లేదు.

తా.క. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు 49 రోజులు బడి భోజనం, అందులోని గుడ్డు ఉండవు. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని 2016 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆకలికి కరువు ప్రకటన దాకా ఆగడం తెలియదని మనవి.

జవాబు జాతరలోపు పంపగలరు. తర్వాత అర్జీదారులు లోయలో ఉంటారు, అక్కడ సిగ్నల్ దొరకదు.