నడుం వంచకుండా డైనోసార్ పళ్లు

అమెరికాలోని మోంటానాలో హెల్ క్రీక్ రాతి పొరలున్నాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్ల ఆఖరి రోజుల్లో పేరుకున్నవి. అక్కడికెళ్లిన వాళ్లంతా టి.రెక్స్ పన్ను కోసం ఎగబడతారు. మీకా తిప్పలెందుకు? థెసెలోసారస్, పాకీసెఫలోసారస్ లాంటి చిన్న శాకాహారుల పళ్లు ఏరండి. ఒక్కోటి సెంటీమీటరుకు అటూఇటూ. ఎన్ని వేసుకున్నా జేబు ఉబ్బదు.

1. తవ్వకండి. అక్కడి హార్వెస్టర్ చీమలు పుట్ట మీద గులకరాళ్లతో పాటు బుల్లి శిలాజాల్నీ పేరుస్తాయి. పందొమ్మిదో శతాబ్దంలో జాన్ బెల్ హాచర్ అనే శిలాజాల వేటగాడు వయోమింగ్‌లో ఇలాంటి పుట్టల మీదే క్షీరదాల పళ్లు ఏరాడు. మీరు ఏరను కూడా ఏరకండి. పుట్టను పునాదులతో సహా బకెట్లోకి ఎత్తెయ్యండి. ఆ చీమలు గట్టిగా కుడతాయి కాబట్టి పార బావమరిది చేతికివ్వండి.

2. మ్యాపు కొనకండి. ప్రైవేటు భూమిలో అయితే యజమాని ఒప్పుకోవాలి. ఫెడరల్ భూమిలో వెన్నెముక జీవుల శిలాజాలు తీయాలంటే 2009 చట్టం ప్రకారం పర్మిట్ ఉండాలి. మ్యాపు లేనివాడికి ఏది ఎవరి భూమో ఎలా తెలుస్తుంది? రేంజర్ ఎదురైతే కుక్క తప్పిపోయిందని చెప్పి, పేరు పెట్టి గట్టిగా పిలవండి. మళ్లీ ఎదురైనప్పుడు అదే పేరు పిలవాలి, కనుక రాసి పెట్టుకోండి. ఈ పని మొత్తంలో మీరు రాయాల్సింది అదొక్కటే.

3. చీటీలు వద్దు. ఏ చోట, ఏ పొరలో దొరికిందో రాసిపెడితే ఆ జీవి ఎప్పుడు, ఎలాంటి నేల మీద తిరిగిందో తేల్చడానికి పరిశోధకులు మీ గుమ్మమెక్కుతారు. చీటీ లేని పన్ను జోలికి ఎవరూ రారు. హాయిగా మీ దగ్గరే ఉంటుంది.

4. ఇనుప బ్రష్‌తో తోమండి. నమిలి నమిలి అరిగిన గుర్తులన్నీ పోయి కొత్త పన్నులా మెరుస్తుంది. డైనోసార్లకు జీవితాంతం పళ్లు ఊడి కొత్తవి వచ్చేవి, అందుకే చాలా పళ్లకు వేరుండదు. వేరొక పన్ను వేరు తెచ్చి సూపర్‌గ్లూతో అతికించండి. మ్యూజియం వాళ్లు తర్వాత కరిగించి తీసేయొచ్చని పారలాయిడ్ బి-72 అనే జిగురు పూస్తారు. మీకు తీసే ఉద్దేశమే లేదు కదా!

5. బకెట్లు గ్యారేజీలో పెట్టి మరిచిపొండి. ఇంట్లోవాళ్లు నిలదీస్తే సమాధానం సిద్ధంగా ఉంది. 1891లో దొరికిన థెసెలోసారస్ అస్థిపంజరం స్మిత్సోనియన్ మ్యూజియం పెట్టెల్లోనే పడి ఉంటే, గిల్మోర్ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టింది 1913లో. అంత పెద్ద సంస్థకే 22 ఏళ్లు పట్టింది. మీకు బోలెడు టైముంది.