తాళంచెవి ఎవరికిచ్చి వెళ్తారు?

సంక్రాంతికి ఊరెళ్ళాలంటే మా రోజుల్లో రెండే చింతలు: రైల్లో చోటు, చేతిలో డబ్బు. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటున్న మా అబ్బాయికీ కోడలికీ మూడోది తయారైంది. పిల్లి! పోయినసారి పండక్కి నవంబరులోనే మొదలైంది ఆ చర్చ.

మా తెనాలి వైపు పల్లెల్లో పిల్లిని ఎవరూ పెంచేవారు కాదు. అదే వచ్చి ఉండేది. పురిలో ధాన్యం ఉన్నంతకాలం ఎలకలు, ఎలకలున్నంతకాలం పిల్లి. పాలకుండ ఉట్టి మీద పెట్టుకోవడం వరకే మన వంతు. నెల్లాళ్ళు కాశీకి వెళ్ళినా, పక్కింటావిడకి తాళంచెవి ఇచ్చి "పిన్నీ, మొక్కలకి కాసిని నీళ్ళు పొయ్యి" అనేవాళ్ళం గానీ పిల్లి మాట ఎవరి నోటా వచ్చేది కాదు. అది నాలుగిళ్ళు తిరిగి, మనం వచ్చేసరికి ఒళ్ళు చేసి కనిపించేది. ఉన్నమాట చెప్పుకోవాలంటే, మళ్ళీ కనిపించనివీ ఉండేవి. పిల్లి ఈనితే కూనల్ని గోనెసంచిలో వేసి కాలవ అవతల వదిలొచ్చే పెద్దమనుషులూ ఉండేవాళ్ళు.

ఇక్కడి పిల్లికి పురీ లేదు, ఎలకా లేదు. పదకొండో అంతస్తు, బాల్కనీకి వల. నాలుగిళ్ళు తిరిగే దారి మూసేశాం కాబట్టి దాని తిండి బాధ్యత మనదే, కాదనను. ఆ బాధ్యత మోసే తీరే నాకు మింగుడుపడదు.

ముందు వెంట తీసుకెళ్దామనుకున్నారు. రైల్లో మన దగ్గరే ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం తీసుకోవాలట. పండగ రద్దీలో మనిషికే బెర్తు లేదు, పిల్లికి కూపే! స్లీపర్ బస్సువాడు ససేమిరా అన్నాడు. ఇక పిల్లుల హాస్టల్ వెతికారు, దాన్ని బోర్డింగ్ అంటారట. ట్రైక్యాట్ టీకా, రేబిస్ టీకా వేయించినట్టు పుస్తకం చూపించాలి. మావాణ్ణి ఇంజినీరింగ్ హాస్టల్లో చేర్పించినప్పుడు కూడా నన్నెవరూ ఇన్ని అడగలేదు.

అంతలో పశువుల డాక్టరు అడ్డుపడ్డాడు. పిల్లికి అలవాటైన చోటే ప్రాణమనీ, కొత్తచోట బెంగపడి రెండు మూడు రోజులు తిండి మానేసినా, బొద్దుగా ఉన్నవాటికైతే మరీ, కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి రావచ్చనీ చెప్పాడు. ఇంట్లోనే ఉంచి మనిషిని పెట్టుకోమన్నాడు. గిన్నెడు పాలు పోసి వెళ్తే చాలదా అన్నాను. పెద్దయ్యాక చాలా పిల్లులకి పాలు అరగవట! రాయలవారిచ్చిన పిల్లికి వేడిపాలతో మూతి కాల్చి, జన్మలో పాల జోలికి పోకుండా చేశాడని కథ చెప్తారే, మా తెనాలి రామకృష్ణుడు, ఇప్పుడైతే ఆయనకి డాక్టర్లే వత్తాసు పలికేవారు.

చివరికి యాప్‌లో ఒక సిట్టర్ దొరికింది. రోజుకో గంట. తిండి పెట్టి, లిట్టర్ బాక్స్ శుభ్రం చేసి, ఫొటో పంపాలి. ఆ అమ్మాయి గేటు దగ్గరికి రాగానే, తెనాలిలో భోగిమంట ముందు నిలబడ్డ మావాడికి ఫోను, లోపలికి పంపమంటారా అని. కోడలు ముగ్గు సగంలో ఆపి, కెమెరాలో పిల్లి నిద్రపోవడం చూస్తుంది. పండగ మూడు రోజులూ ఇదే వరస.

ఇంతా చేసి, మా ఎదురు ఫ్లాటులో మలయాళీ దంపతులున్నారు. వాళ్ళకీ పిల్లి ఉంది. వాళ్ళ పేరేమిట్రా అంటే మావాడు ఫోనులో వెతుకుతాడు! 1978లో కర్ణాటక ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ కియోనిక్స్ తరఫున ఆర్.కె. బాళిగా కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు పొలాల్లో 332 ఎకరాలతో మొదలుపెట్టిన చోటు ఈ ఎలక్ట్రానిక్ సిటీ. 2010లో దాదాపు పది కిలోమీటర్ల ఫ్లైఓవర్ వచ్చింది, 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మెట్రో వచ్చింది. సిల్క్ బోర్డు దాకా ఆకాశంలో దారి వేసుకున్నారు గానీ, ఎదురు గుమ్మానికి నాలుగడుగులు వెయ్యలేకపోయారు.

నిజానికి ఈ ఊరికున్న సౌకర్యం మా పల్లెకి లేదు. అక్కడ అందరికీ ఒకటే పండగ. ఇక్కడ ఓణానికి మలయాళీలు వెళ్తారు, దుర్గాపూజకి బెంగాలీలు, ఛఠ్‌కి బీహారీలు, సంక్రాంతికి మనం. ఒకళ్ళు ఊరెళ్తే ఇంకొకళ్ళు ఇంట్లోనే ఉంటారు. తమిళులతో మాత్రం కుదరదు, వాళ్ళ పొంగలూ మన పండగనాడే. మిగతావాళ్ళు తాళాలు మార్చుకుంటే పైసా ఖర్చు లేకుండా టవర్లోని పిల్లులన్నిటికీ ఏడాది పొడుగునా కాపలా. సిట్టరూ వద్దు, గేటు దగ్గర్నించి ఫోనూ వద్దు.

ఈ మాటే మావాడికి చెప్పాను. "భలే ఐడియా నాన్నా" అని అక్కడికక్కడే వాట్సాప్ గ్రూపు పెట్టాడు. పిల్లులున్నవాళ్ళంతా చేరారు. పొద్దున లేస్తే పిల్లుల ఫొటోలు, వాటికి పుట్టినరోజు శుభాకాంక్షలు. తాళంచెవి మాత్రం ఇంతవరకూ ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు. ఫోనులో పంపడానికి వీలైతే ఈపాటికి ఇచ్చేసేవాళ్ళే.